లోపలి బూట్లు

మా పెద్దబాపు శుక్రవారం పొద్దున నల్గొండ దవాఖానలో పోయాడు. కబురు వచ్చేసరికి నేను చిట్యాల దగ్గర, మేమిద్దరం పనిచేసే పార్కు గేటు ముందు నిలబడి టిక్కెట్లు చింపుతున్నాను. ఏడవాలి కదా. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన వేరు: ఆదివారం టూర్ ఎవరు తీసుకెళ్తారు? ఆయన ఉన్నా ఇదే అడిగేవాడు కాబట్టి నాకు సిగ్గేమీ లేదు.

మా పార్కులో అలల కొలను ఉంది. సైరన్ మోగగానే నీళ్లు లేచి మీద పడతాయి, జనం కేకలు పెడతారు. ఆ అలలు ఎక్కడ పుడతాయో చూపించేదే మా ఆదివారం టూర్. కొలను గోడ వెనక మెట్లు దిగితే నేల కింద ఒక గది. పెద్ద పెద్ద ఫ్యాన్లు, గాలి తలుపులు. ఒక తలుపు తెరుచుకుంటే ఇంకొకటి మూసుకుంటుంది, ఆ గాలి గోడవతల నీళ్లను ఎత్తి తోస్తుంది. మా బాపుకు అన్నయిన ఈ పెద్దబాపు ముప్పై ఏళ్లు గుంట మగ్గం నేసి, అది కడుపు నింపక ఇక్కడ హెల్పర్‌గా చేరాడు. ఆ గదిలోకి మొదటిసారి దిగిన రోజు ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదట. చేతులూ కాళ్లూ ఊపుతూ పెద్దమ్మకు ఒకటే చెప్పుడు: "అది మిషన్ కాదే, మగ్గమే! గట్లనే గుంటల దిగుడు, గట్లనే ఎడమ కాలు, కుడి కాలు తొక్కుడు. గాలితోని తొక్కుతాంది, గంతే!"

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు టూర్ మొదలుపెట్టారు. నేను అప్పటికి పనిలో చేరి వారం. మొదటి ఆదివారమే గైడ్ రాలేదు. మేనేజర్ పెద్దబాపును పట్టుకుని "జర నువ్వు తీస్కపో, రెండు ముక్కలు చెప్పి తీస్కరా" అన్నాడు. ఇరవై మంది జనం, వెనక నేను. మెట్ల దగ్గర పెద్దబాపు చెప్పులు విప్పి అందరినీ విప్పమన్నాడు. తడి, గ్రీజు కలిసిన నేల మీదికి అందరం ఉత్త కాళ్లతో దిగాం. నాకైతే తప్పనిపించలేదు. మా ఇంట్లో చెప్పులతో మగ్గం దగ్గరికి పోతే అవ్వ వీపు పగలగొట్టేది.

పార్కులో ప్రమాదాలు జరగకుండా చూసే సేఫ్టీ సారు వచ్చి మెట్ల పక్కన పేర్చిన చెప్పులు చూశాడు.

"ఏందిది, గుడా? బూట్లు లేకుండ దిగొద్దని రాసి పెట్టినం గదా!"

"గుడి కాదు సారూ, మగ్గం లెక్క. చెప్పులతోని ఎట్ల దిగుతం?"

"ఎవరి కాలన్న జారితే నువ్వు జవాబు చెప్తవా?"

టూర్ ఆ క్షణాన్నే ఆగిపోయింది, ఇక పెట్టేది లేదన్నారు.

అయిదో రోజు పెద్దబాపు నాతో "సారు అన్నది నిజమే బిడ్డా. గని బయటి మట్టి లోపలికి పోవుడు గూడ తప్పే" అన్నాడు. ఆ సాయంత్రం రబ్బరు బూట్లు కొని, కడిగి, తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకుని సేఫ్టీ సారు ముందు నిలబడ్డాడు. "ఇవి లోపలియే సారూ. రోడ్డు మొకం సూడయి. అందరికి గిట్లనే పెట్టుండ్రి. మీ మాట నిలబడ్తది, నా మిషన్ల మట్టి వడది." సారు బూట్లు తిరగేసి అడుగులు చూశాడు. నవ్వలేదు. నెల తిరగకుండా టూర్ మళ్లీ మొదలై, మెట్ల దగ్గర బూట్ల అల్మారా వచ్చింది. జనానికి ఇరవై జతలు, పెద్దబాపుకు ఒకటి.

ఇక ఆయనను పట్టేవాళ్లెవరు! నేను పై మెట్టు మీది నుంచి చూస్తుంటే, "ముందుగాల ఇనుండ్రి, అటెంక సూడుండ్రి" అని అందరి అరచేతులూ గోడకు ఆనించేవాడు. సైరన్ మోగేది. ఫ్యాన్లు ఊపందుకునేవి, గోడ వణికేది, అవతల నుంచి వందల గొంతుల కేక ఒక్కసారిగా లేచేది. అందరికంటే ముందు పెద్దబాపే కేక పెట్టేవాడు. "అల వట్టిగనే లేస్తదా? ఎవలో ఒకలు తొక్కాలె!" ఎన్ని ఆదివారాలైనా ఆ కేక తగ్గలేదు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒక అవ్వ "రోజు గదే సూస్తవు, ఇసుగు రాదా?" అంటే "నువ్వు రోజు అన్నం తింటలేవా అవ్వా?" అన్నాడు. ఒకసారి మాట మధ్యలో చెయ్యెత్తి "పోగు తెగుతాంది" అని మిషన్ ఆపించాడు. చూస్తే బెల్టు అంచు చీలుతోంది. చెవులా అవి!

దినవారాలయ్యాక పనిలోకి వెళ్తే మేనేజర్ "ఆయన లేని టూర్ ఏం టూర్, ఆపేద్దాం" అన్నాడు. నాకు మండింది. "ఒక్క ఆదివారం ఇయ్యుండ్రి సార్" అన్నాను. ఇచ్చాడు, సేఫ్టీ సారు చూసి సరేనంటేనే అన్నాడు.

అల్మారాలో నాకు మిగిలేది పెద్దబాపు జతే. ఒక్కో బూటులో నా కాళ్లు రెండూ పట్టేలా ఉన్నాయి. పెద్దమ్మకు చెబితే మూలనున్న మగ్గం నాటి సంచిలోంచి గుప్పెడు నూలు తుక్కు తీసి ఇచ్చింది. "ముందట కుక్కు బిడ్డా, కాలు జారది."

జారలేదు. కాని మెట్లు దిగాక ఒక్క మాటా గుర్తు రాలేదు. ఇరవై మందీ నా మొహం చూస్తున్నారు, మెట్ల మీద సేఫ్టీ సారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక అరచెయ్యి గోడకు ఆనించాను. వాళ్లూ ఆనించారు. సైరన్ మోగింది. గోడ వణికింది. కేక నా గొంతులోంచే ముందు వచ్చింది! వెనకాలే ఇరవై గొంతులు, గోడవతల వందలు. ఇక మాటలు వాటంతట అవే వచ్చాయి.

పైకి వచ్చాక సారు అడిగాడు. "వచ్చే ఆదివారం ఎంతమంది?"

"ఇరవై సార్."

"నీ కొలత బూట్లు తెప్పిస్తా."

"వద్దు సార్, ఇవే చాలు."

కూర్చుని బూట్లు విప్పాను. తుక్కులోని ఎర్ర పోగు ఒకటి నా బొటనవేలికి చుట్టుకుని వచ్చింది. దాన్ని తీయబోతుంటే గోడవతల మళ్లీ సైరన్ మోగింది.