నూకరాజు పడవ మీది గుండు దయ్యం

ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. తొంభైల మొదటి నుంచి మోస్తున్నాను. మాది హార్బరు దగ్గర రంగుల కొట్టు. ఏ సరుకైనా ఎదుటివాడికి అంటగట్టి రావడం మా ఇంటి విద్య. ఇదొక్కటే ఎవరికీ అంటగట్టలేకపోయాను.

అప్పట్లో ఒక జపాన్ ఓడ వంటవాడికి బుట్టెడు మామిడిపళ్లిచ్చి, వాళ్ల దయ్యాల బొమ్మల పుస్తకం తీసుకున్నాను. చదవడం రాదు. దించడం వచ్చు. ఒంటికాలి గొడుగు, పాములా మెడ సాగిన ఆడమనిషి, అన్నీ గీశాను. నూకరాజు కొత్త పడవ ముక్కు మీద దిష్టిబొమ్మ వెయ్యమంటే, అలల్లోంచి లేచే నల్లటి గుండువాణ్ణి ఎంచుకున్నాను. చేటంత కళ్లు వాడికి.

"ఈడెవుడు బావా? సూత్తే నాకే బయమేత్తంది."

"సముద్రానికి కాపలాదారుడు. జపానోళ్ల పడవలన్నిటి మీదా ఈడే."

"నిజివేనా?"

"నాను అబద్దమాడతానేటి?"

"రంగు రేటు సెప్పినప్పుడల్లా ఆడతావు కదేటి!"

సాయంత్రం ఆ వంటవాడే ఒడ్డుకొచ్చి బొమ్మ చూశాడు. అరచేతిని పడవలా పట్టి, గుండువాణ్ణి చూపించి, చేతిని బోర్లించాడు.

అర్థమైంది. పడవల్ని ముంచేవాణ్ణి పడవ మీదే వేశాను. తెల్లారితే వేట. చెప్పాలి కదా? చెబితే, జపాన్ సంగతులన్నీ తెలుసంటూ కోసిన కోతలన్నీ బయటపడతాయి. దిష్టిబొమ్మ కూడా దయ్యమే కదా అని నాతో నేనే బేరమాడి, నేనే గెలిచాను.

మర్నాడు గాలి లేచింది. నూకరాజుది తప్ప పడవలన్నీ వచ్చేశాయి. నూకరాజు భార్య, నిండు చూలాలు, ఇసుకలో నా పక్కన నిలబడి, "ఆ బొమ్మున్నాది కదా అన్నయ్యా, ఏటీ అవదు" అంది.

తలూపాను. అంతకంటే నీచమైన పని ఈ జన్మలో చేయలేదు.

పొద్దువాలుతుంటే గుండు కనిపించింది! అల మీద ఎగిరి, దిగి, మళ్లీ ఎగిరి. దాని వెనక, పడవ నిండా వంజరం చేపలు. ఒడ్డంతా కేకలు. ఆమె నాకో పెద్ద చేప ఇచ్చింది. తిన్నాను. రుచిగానే ఉంది, అదీ సిగ్గు.

తర్వాత రేవంతా నా గుండువాడి కోసం ఎగబడింది. తెలిసే వేశాను. వాడున్న పడవ ఇంతవరకు ఒక్కటీ మునగలేదు. ముంచేవాడి చేతే కాపలా కాయించిన బేరగాణ్ణి! ఆ గర్వం దాచను. కానీ ఆ రోజు ఇసుకలో నాకిదేదీ తెలియదు కదా?

క్షమించమనను. చెప్పేశాను, గుండె తేలికైంది. ఆనాడు ఆమె కడుపులో ఉన్నవాడు ఇప్పుడు తన పడవకి అదే బొమ్మ అడుగుతున్నాడు. ఈసారి తలూపను. ముందు ఆ గుండువాడెవడో చెబుతాను. విన్నాక కూడా కావాలంటే, కళ్లు ఇంకా పెద్దవి వేస్తాను.