మేస్త్రిగారి చెవులు

కొండ రోడ్డు మొదలయ్యే మలుపు దగ్గర మేస్త్రి షెడ్డు. రేకుల కప్పు, నూనె మరకలతో నల్లబడ్డ సిమెంటు నేల, గోడకు వరసగా తగిలించిన స్పానర్లు, మధ్యలో గుండెల లోతు గుంట. ఆ గుంటలో దిగి నిలబడితే బండి పొట్ట సరిగ్గా తల మీదికి వచ్చేది. మేస్త్రి జీవితంలో సగం ఆ పొట్టల కిందే గడిచింది.

ఆయన దగ్గరికి వచ్చేవన్నీ కొండ బురదలో నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు. అందులోనూ ముసలి బండ్లు. రెండు లక్షల కిలోమీటర్లు దాటనిదాన్ని ఆయన ‘చంటిపిల్ల’ అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు “ఇది ఇంకెన్నాళ్లు నడుస్తుందండీ?” అని అడిగితే ఆయనకు ఎక్కడలేని చిరాకూ వచ్చేది.

“దాన్నడుగుతారేమిటి? మిమ్మల్ని మీరు అడగండి. ఇంజన్లో ఆయిల్ మారుస్తున్నారు, బాగుంది. కింద ఫోర్‌వీల్ గేర్‌బాక్సులో కూడా నూనె ఉంటుందని గుర్తుందా? నెలకోసారైనా ఆ ఫోర్‌వీల్ లివర్ వేసి మట్టిలో నాలుగు అడుగులు నడిపించారా? వాడకపోతే కీళ్లు పట్టేస్తాయి, దానికైనా మీకైనా!”

తిట్లు తిన్నవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. ఎందుకంటే మేస్త్రికి చెవులున్నాయని చుట్టుపక్కలంతా పేరు. బండి మలుపు తిరిగి షెడ్డులోకి వచ్చేలోపే, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే, “ముందు ఎడమవైపు జాయింటు వదులైంది” అని చెప్పేసేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది.

ఆ చెవులు ఎప్పుడు మొరాయించడం మొదలుపెట్టాయో ఆయనకు తెలియదు. ఆయన భార్యకు తెలుసు.

ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్లు పనిచేసి రెండేళ్ల క్రితమే రిటైరయింది. అవతలి మనిషి ఊపిరి పీల్చిన తీరును బట్టి కోపంగా ఉన్నాడో, ఏడ్చి ఉన్నాడో పోల్చుకునే మనిషి. అలాంటావిడ పగలంతా ఇంట్లో ఉండడం మొదలుపెట్టాక మొగుడి సంగతి కనిపెట్టకుండా ఎలా ఉంటుంది? “కూరలో ఉప్పు సరిపోయిందా?” అంటే ఆయన “ఎల్లుండి వస్తాడట” అనేవాడు. రేడియో గోల వీధి చివరి దాకా వినబడేది. చెవి డాక్టరు దగ్గరికి పోదాం పదండని ఆవిడ నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఆయన పెడచెవిన పెట్టాడు.

“పెట్టడానికైనా ఒక చెవి పనిచెయ్యాలిగా,” అని ఆవిడ విసుక్కుంది. అదీ ఆయనకు వినపడలేదు.

ఇలా ఉండగా ఒక ఉదయం పశువుల డాక్టరమ్మ తన బండి తెచ్చి అప్పగించింది. నాలుగు లక్షల అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండి. కొండల్లో ఏ దొడ్లో ఏ గేదె పడకేసినా ఆవిడ ఆ బండి మీదే వెళ్లాలి. మేస్త్రి నూనెలు మార్చాడు, జాయింట్లకు గ్రీజు కొట్టాడు, కిందంతా బురద కడిగాడు. గుట్ట దాకా తోలుకెళ్లి వెనక్కి తెచ్చి, “వెన్నముద్దలా ఉందమ్మా, పట్టుకెళ్లండి” అన్నాడు.

మూడోరోజు ఫోను మోగింది. భార్యే తీసింది. విని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనబడేలా నిదానంగా చెప్పింది.

“డాక్టరమ్మ బండి దిగుడులో కాలవలోకి దిగిపోయిందట. ముందు కుడి చక్రం పట్టేసిందట. ఆవిడకేం కాలేదు. మోకాలు గీరుకుపోయింది, అంతే.”

మేస్త్రి అప్పటికప్పుడే బయల్దేరాడు. బండిని లాగే లారీ తీసుకుని వెళ్లి షెడ్డుకు చేర్చాడు. చక్రం విప్పి చూస్తే బేరింగ్ కాలి నీలంగా మారిపోయి ఉంది. లోపల గ్రీజు బొగ్గయింది. రెండురోజుల్లో ఇలా అయ్యే వస్తువు కాదది. తను తోలిన రోజే అది హోరుమని మొత్తుకుని ఉండాలి.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ఈనలేక అవస్థ పడుతున్న ఆవు కోసం కాలవ దగ్గర్నుంచి మూడు కిలోమీటర్లు కుంటుకుంటూ నడిచి వెళ్లిందట. ఆవూ దూడా రెండూ దక్కాయి. ఆ మాట చెప్పి స్టూలు మీద కూర్చుని, కోపమేమీ లేకుండానే అంది: “నాకూ ఏదో హోరు వినిపిస్తూనే ఉంది మేస్త్రిగారూ. మీరు బాగుందన్నారు కదా, నా భ్రమేమో అని ఊరుకున్నాను.”

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ తిట్టినా బాగుండేది. చేతిలో గుడ్డని కాసేపు నలిపి, నేల చూస్తూ చెప్పేశాడు.

“నాకు వినపడలేదమ్మా.”

“ఏ చప్పుడు?”

“ఏదీను. ఏడాదిగా సగమే వినపడుతోంది. చెవుల మేస్త్రి అని పిలిపించుకున్నవాణ్ణి కదా, చెప్పుకోడానికి సిగ్గేసింది.”

ఆవిడ స్టూలు ముందుకి జరుపుకుంది. ఆయనకు వినపడేలా గట్టిగా అంది: “నా రోగులు నోరులేనివాళ్లు. వాళ్లని చెవులతోనే చూస్తానా? చెయ్యి వేసి చూస్తాను, వాసన చూస్తాను, నడిపించి చూస్తాను. ముందు మీరు డాక్టరు దగ్గరికి వెళ్లండి. బండి మాత్రం మీ దగ్గరే ఉంటుంది.”

మేస్త్రి ఆ వారంలోనే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. చెవికి మిషను ఇచ్చారు. మనుషుల మాటలకు అది బంగారం. షెడ్డులో మాత్రం స్పానర్ జారిపడితే పైకప్పు కూలినట్టుండేది. ఇంజన్ స్టార్ట్ చేస్తే అన్ని చప్పుళ్లూ కలిసి ఒకటే రొద. తీసి జేబులో వేసుకునేవాడు.

“షెడ్డు మూసేస్తాను,” అన్నాడు ఒకరోజు అన్నం ముందు కూర్చుని.

“మూసి ఇంట్లో కూర్చుంటే నేనెక్కడికి పోను?” అంది భార్య. “ముప్పయ్యేళ్లు తీగ మీద ఎవరెవరి గోలో విన్నాను. మీ బండి గోల ఒక్కటీ వినలేనా? రేపు డాక్టరమ్మ బండి తోలి చూస్తారుగా, నేనూ వస్తాను.”

మర్నాడు ఆవిడ చీర కొంగు దోపుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. బండి యాభైలో పోతుండగా చెయ్యి పైకెత్తింది.

“ఏదో వినపడుతోంది,” అంది ఆయన చెవి దగ్గర గట్టిగా.

మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు. ముందు చక్రాలు రెండింటికీ కొత్త బేరింగులు వేశాడు మరి. “ఎలా ఉంది?”

“పాడయిన లైనులో గాలి వీచినట్టు. హూ...మని.”

“అదేం చెప్పడమే! కుడివైపు తిప్పుతున్నా, తగ్గిందా?”

“లేదు.”

“ఎడమకి?”

“అలాగే ఉంది. కంగారుపడి నన్ను కాలవలో పడేయకండి.”

గరుకు రోడ్డు అయిపోయి, కొత్తగా వేసిన నున్నటి రోడ్డు వచ్చింది. “ఇప్పుడు పోయింది!” అంది ఆవిడ. మేస్త్రి బండి ఆపి, దిగి, ముందు టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ రుద్దాడు. రబ్బరు మెట్లు మెట్లుగా అరిగి చేతికి తగిలింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు నవ్వాడు.

“బేరింగ్ అయితే మలుపులో మారుతుంది. రోడ్డును బట్టి మారితే టైరే. టైర్లు పాతబడ్డాయి, అంతే!”

ఆ తర్వాత నాలుగు చక్రాల మధ్యభాగాన్నీ చేతి వెనకవైపుతో తాకి చూశాడు. నాలుగూ ఒకే గోరువెచ్చన; బేరింగ్ చెడితే ఆ ఒక్కటీ చుర్రుమనేది. ఆ రోజు నుంచి అలా నాలుగూ తాకకుండా ఏ బండినీ షెడ్డు దాటనివ్వలేదు. మొదటిసారే ఈ పని చేసి ఉంటే ఆ బేరింగ్ దొరికిపోయేదని ఆయనకు తెలుసు. చెవుల మీద నమ్మకంతో చేతుల్ని పక్కన పెట్టాడు.

నాలుగేళ్లయింది. డాక్టరమ్మ బండి ఐదు లక్షలు దాటింది. ఇప్పుడు బండి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు “అమ్మగారు విన్నారా?” అని అడుగుతున్నారు. “బిగించేది నేను, పేరు ఆవిడకి” అని మేస్త్రి మూతి ముడుస్తాడు గానీ, ఆవిడ రాని రోజున బండి తోలి చూడడం మర్నాటికి వాయిదా వేస్తాడు.

మొన్నొకరోజు గుట్ట మీద ఆవిడ ఉన్నట్టుండి “ఆపండి, ఆపండి!” అంది. ఆయన బ్రేకు తొక్కి, ఇంజన్ ఆపి, బిక్కమొహం వేశాడు.

“ఏమైంది?”

“బండికేం కాలేదు. అక్కడేదో పిట్ట కూస్తోంది. ఆ మిషను పెట్టుకోండి.”

ఆయన జేబులోంచి మిషను తీసి, ఊది, చెవికి పెట్టుకున్నాడు. అద్దం దించాడు. తల ఒక పక్కకి వంచి చాలాసేపు విన్నాడు.

“ఏ పిట్టో తెలీదు గానీ, దాని గొంతుకి కాస్త గ్రీజు పెట్టాలే,” అన్నాడు.