పాదాలు గీయడం రాదని ఇంగ్లీషులో వేసిన కార్డు

నాకు ఇంగ్లీషు రాదు. కే.జీ.కండిగైలో మూడో తరగతి దాకా తెలుగు బడికి పోయి, ఆ తర్వాత రాట్నం ముందు కూర్చున్నదాన్ని. అయినా పదకొండు ఇంగ్లీషు మాటలు మాత్రం నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్తాను. ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళ దాకా, బియ్యంలో రాళ్ళేరినట్టు ఇంటిల్లిపాదీ కూర్చుని ఏరిన మాటలవి.

అప్పుడు మా కాపురం తిరుత్తణిలో, నేతగాళ్ళ వీధిలో. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. నేల తవ్విన గుంటలో కాళ్ళు దించి కూర్చుని నేసేవి. ఒకదాంట్లో మా మామ. రెండోది మా మరిదిది, కానీ వాడు అందులో కూర్చున్న రోజులు తక్కువ. మా ఆయన చీరల మూట భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. అత్త నేను వచ్చేటప్పటికే లేదు.

మరిది చీర అంచులకు నెమళ్ళూ హంసలూ గళ్ళ కాగితం మీద గీసిచ్చేవాడు. అది అందరికీ నచ్చేది. చిక్కెక్కడొచ్చిందంటే, గళ్ళ కాగితం వదిలేసి పెద్ద అట్టల మీద మనుషుల్ని వేయడం మొదలుపెట్టాడు. వాటిని తిరువళ్ళూరులో ఒక డ్రాయింగ్ మాస్టరు చూశారు. ఆయన ఏటా వేసవి సెలవుల్లో బడి హాలు అడిగి తీసుకుని, రెండు రోజులు బొమ్మల ప్రదర్శన పెట్టేవారు. ఏడాదికి ఒక్కరివే. మద్రాసు నుంచి కరెంటు రైలెక్కి చూడటానికి వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. ఆ ఏడు మావాడివి పెడతానన్నారు.

మామ ఒప్పుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు. "రెండు దినాలు నేనూ వచ్చి చూస్తా. నా కంటికి అది పని అనిపిస్తే నిన్ను వదిలేస్తా. లేదంటే మూడో దినం ఆ మగ్గంలోకి దిగాల. మళ్ళీ బొమ్మల మాట ఎత్తకూడదు."

మరిది సరేనన్నాడు. ఆ పూట అన్నం మాత్రం సరిగ్గా తినలేదు.

తర్వాత మాస్టరు కబురు పంపారు. మద్రాసు వాళ్ళకు పంపే కార్డు ఇంగ్లీషులో ఉండాలి, నాలుగు మాటలు రాసి సోమవారానికి ఇవ్వండి అని. మా ఇంట ఇంగ్లీషు తెలిసినవాడు మా అన్న ఒక్కడే. మణవాళనగర్‌లో కాపురం, రోజూ రైల్లో మద్రాసు పోయి ఒక ఆఫీసులో టైపు కొట్టే పని. ఆదివారం పొద్దున్నే కాగితం నిండా రాసుకుని తిరుత్తణికి వచ్చాడు. నిలబడే చదివాడు. గుళ్ళో మైకులో విన్నట్టుంది.

"చానా బాగుండాది. ఇప్పుడు ఒక్కో మాటకీ అర్థం జెప్పన్నా," అన్నాను. "తెలీని సరుకు మనింట్లోంచి బయటికి పోకూడదు."

"మాగ్నిఫిసెంట్ అంటే, మహా గొప్పగా ఉండేవి అని."

మగ్గంలోంచి మామ గొంతు వచ్చింది. "అట్లని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు మామా, మనమే అంటాండాము," అన్నాడు అన్న.

"మన గుడ్డని మనమే గొప్పదంటే, కొనేవాడు ఇంకేమనాల? కొట్టెయ్."

అన్న కొట్టేశాడు. "యునీక్ అంటే, లోకంలో ఇట్లాంటివి ఇంకెక్కడా లేవని."

"లోకమంతా తిరిగి చూసొచ్చినావా?"

"లేదు మామా, మద్రాసు సెంట్రల్ దాకానే."

"అయితే కొట్టెయ్."

అట్లా ఒక్కోటే పోయి, కాగితంలో రెండు మాటలు మిగిలాయి. ఈగర్లీ అవైటెడ్. అన్న ఆ కాగితాన్ని గుండెకు ఆనించుకున్నాడు. "దీన్ని మాత్రం ముట్టుకోవద్దండి. ఇది లేకుండా మద్రాసులో ఏ కార్డూ నేను చూడలే. ఆత్రంగా ఎదురుచూస్తా ఉండేది అని అర్థం."

"ఎవురు ఎదురుచూస్తాండేది?" అన్నాను నేను. "పేరు తెలీని పిల్లోడి బొమ్మల కోసరం ఎవురు కాసుకోనుండారు?"

మా ఆయన మూట కట్టుకుంటూ, "నేనుండానే," అన్నాడు. "ఎప్పుడైపోతాదా, వీడు మగ్గంలో ఎప్పుడు కూర్చుంటాడా అని ఆత్రంగానే చూస్తాండా."

మరిదికి నవ్వొచ్చింది. నాకు మాత్రం దారి దొరికింది. "మనమెట్లాగూ ఎదురుచూస్తాండాము గదా. ఇంటోళ్ళు ఎదురుచూస్తాండారని రాయి. అబద్ధం లేదు."

ఈగర్లీ అవైటెడ్ బై హిజ్ ఫ్యామిలీ. అన్న తల పట్టుకున్నాడు. "మీ ఇంట్లో కార్డు రాసేదానికంటే పొద్దున రైల్లో కిటికీ పక్క సీటు పట్టేది సులువమ్మా!"

ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు మామ గుంటలోంచి లేచి వచ్చాడు.

మామకొక పద్ధతి ఉండేది. షావుకారు వస్తే చీర మడత విప్పి, ముందు తప్పు చూపించేవాడు. "ఇదిగో, ఈడ పోగు తెగింది. ఈడ రంగు రవంత తగ్గింది. చూసుకో." అది చూపించాకే అంచూ కొంగూ. తప్పు లేని చీరైతే, ఉండే ఉంటుందని ఇంకోసారి వెతికేవాడు. మంచి ఆయన చెప్పడు, అది కొనేవాడు చెప్పాలి. మా వీధిలో పాతవాళ్ళందరిదీ అదే పద్ధతి.

గోడకు ఆనించిన బొమ్మల్ని మామ ఆ రోజే మొదటిసారి వరసగా చూశాడు. మోకాలి లోతు నీళ్ళలో గుడ్డలు ఉతికే ఆడవాళ్ళు. ఎద్దు చాటున నిలబడ్డ రైతు. కొండకు కావడి మోసేవాళ్ళు, వాళ్ళ ముందు గుంపు. చివరిదాకా చూసి వెనక్కి తిరిగాడు.

"ఒరే, వీళ్ళకి పాదాలు యాడరా?"

నిజమే. ఒక్కరికీ పాదాలు లేవు. ఎక్కడికక్కడ నీళ్ళో ఎద్దో గుంపో అడ్డం. నాకెప్పుడూ తట్టలేదు. మరిది మెడ దాకా ఎర్రబడ్డాడు.

"నాకు రావు నాయనా," అన్నాడు మెల్లగా. "చిన్నప్పటినుంచీ మగ్గాల దగ్గరే పెరిగినా. మనుషులు నడుము దాకానే కనపడేది."

"అదీ రాయి," అన్నాడు మామ అన్నతో. "ముందు అదే రాయాల్సింది."

అన్న పెన్ను మూసేశాడు. "తప్పుని అచ్చేయిస్తారా మామా ఎవరన్నా? చూస్తే నవ్వరా?"

అందరం మరిది వైపు చూశాం. వాడు నేల చూస్తూ, "రాయి బావా," అన్నాడు. "నిజమే గదా." అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

హి కెనాట్ డ్రా ఫీట్. చివర్న అన్న ఉండబట్టలేక ప్లీజ్ కమ్ అని కలిపాడు. దానికి మామ అడ్డు చెప్పలేదు. పిలవడం మర్యాదే గదా.

కార్డు అచ్చయి వచ్చింది. ఇంకో పక్షం రోజులుంది ప్రదర్శనకు. ఆ పక్షం రోజులూ మరిది తలెత్తి నడిచింది లేదు. మనసు చెడి అట్లా అయ్యాడని నేను కుమిలిపోయాను. కొళాయి దగ్గర తలొంచుకునే, వీధిలో తలొంచుకునే. మధ్యాహ్నం మామ తిన్నె మీద కునుకు తీస్తుంటే, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉండేవాడు. ఒక పొద్దున చూస్తే ఖాళీ మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు.

దగ్గరికి పరిగెత్తాను. "ఏందయ్యా, అప్పుడే ఒప్పేసుకున్నావా? ఇంకా నాలుగు దినాలుండాదే!"

"ఊరికే వదినా," అన్నాడు. తల గుంటలోకి వంచుకునే ఉన్నాడు.

ప్రదర్శన మొదటి రోజు బొమ్మలన్నీ బస్సు మీద వేసుకుని తిరువళ్ళూరు పోయాం. ఒకటి మాత్రం పాత చీరలో చుట్టి వాడే ఒళ్ళో పెట్టుకున్నాడు. పదింటికి రైలు దిగినవాళ్ళు కార్డులు చేత్తో పట్టుకుని రాసాగారు. ఎవరూ ముఖాలు చూడరే! వచ్చిన ప్రతివాళ్ళూ వంగి బొమ్మ అడుగున వెతకడమే. "ఇక్కడా లేవు, ఇక్కడా లేవు," అని అరవంలో నవ్వుకోవడం. వంగినవాళ్ళు ఎట్లాగూ దగ్గరికి వచ్చారు గనక, తర్వాత పైకీ చూశారు. ఒక్కో బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. మా అన్న మాత్రం సిగ్గుతో స్తంభం చాటున ఉన్నాడు.

ఇంతలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ హాలు చివర్నుంచి కార్డు ఊపుతూ, "మీ కార్డు తప్పు," అంది. "ఇక్కడ పాదాలున్నాయి!"

అందరం పరిగెత్తాం. పాత చీరలో చుట్టి తెచ్చిన బొమ్మ అది. మనిషి లేడు. మగ్గం గుంట లోపల చీకటి, అందులో రెండు ముసలి పాదాలు కర్రలు తొక్కుతున్నాయి. వేళ్ళ సందుల్లో నూలు పోగులు. కుడి పాదం పక్కన ఆనెకాయ.

మామ ఆ బొమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. వంగి, అడుగు నుంచి పైదాకా చూశాడు. మరిది నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చివరికి మామ కళ్ళద్దాలావిడని చేయెత్తి పిలిచాడు.

"ఇదిగోమ్మా, ఈడ చూసుకో. నా ఆనెకాయ ఉండేది ఎడమ కాలికి. వీడు కుడికాలికి వేసినాడు. తప్పు."

ఆమె వెళ్ళాక ఇంకొకాయనకీ చూపించాడు. ఆ తర్వాత వచ్చిన జంటకీ. మధ్యాహ్నం దాకా ఆ బొమ్మ పక్క నుంచి కదల్లేదు.

"వదినా, నాయన నా పరువు తీస్తాండాడు," అన్నాడు మరిది.

"తియ్యనీ అబ్బయ్యా. పక్కింటోళ్ళ గుడ్డలో తప్పు ఆయన ఎవురికన్నా చూపించగా చూసినావా? తన మగ్గం మీంచి దిగిన గుడ్డలోనే గదా చూపించేది."

వాడు ముఖం అటు తిప్పుకున్నాడు.

రెండో రోజూ అంతే. ఆ సాయంత్రం తిరుగు బస్సులో మామ నా ముందు సీట్లో కూర్చున్నాడు. కనకమ్మసత్రం దాటాక చూస్తే, చెప్పులు విప్పి కాలు మీద కాలు వేసుకుని పాదాలు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నేనూ తొంగి చూశాను. ఆనెకాయ కుడికాలికే ఉంది. అన్నేళ్ళు కాళ్ళు గుంటలోనే ఉన్న మనిషి, ఆయనకు మాత్రం ఎప్పుడు కనపడింది?

నేను చూశానని కనిపెట్టి, చెప్పు తొడుక్కున్నాడు. "వాడికి జెప్పొద్దు," అన్నాడు. ఇంకొంత దూరం పోయాక మళ్ళీ తిరిగాడు. "రేపు రెండో గుంట మీద చెక్క పలకలు పరిపించమ్మా. వాడి రంగు డబ్బాలు పెట్టుకోనీ."