తాతయ్య తవ్విన వానపాములు

నా చిన్నప్పుడు ఒక ఏడాది నన్ను ముక్తేశ్వరంలో మా తాతయ్య దగ్గర వదిలేశారు. ఈ మాట మా నాన్న వింటే నొచ్చుకునేవాడు గానీ, నాకు అప్పుడు అలాగే అనిపించింది మరి. అమ్మకి జబ్బు చేసి కాకినాడ పెద్దాసుపత్రిలో ఉంచారు. నాన్న ఆవిడ దగ్గరే ఉండిపోయాడు. ఏం జబ్బో నాకెవరూ చెప్పలేదు. అడిగితే "చిన్నపిల్లవి, నీకెందుకే" అనేవారు. చిన్నపిల్లకి కాక ఇంకెవరికి కావాలి అమ్మ సంగతి!

తాతయ్యంటే అమ్మ నాన్నగారు. వేదం చదువుకున్న మనిషి. అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది కాబట్టి ఆయనే మడి కట్టుకుని వండి నాకు పెట్టేవారు. భోజనం మొదలుపెట్టి ముగించేదాకా ఒక్క మాట ఉండేది కాదు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు దట్టంగా కమ్ముకుని పెరడు పట్టపగలు కూడా మసగ్గా ఉండేది. బడి నుంచి వచ్చాక అంత ఇంట్లో నా అడుగుల చప్పుడు నాకే వినిపించేది. సాయంత్రమవుతోందంటే భయం వేసేది.

వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేసినప్పుడు, అడుగున మిగిలిన బురదలో తాతయ్యకి ఒక తాబేలు పిల్ల దొరికింది. తెచ్చి నా అరచేతిలో పెట్టి, "కూర్మమూర్తి వచ్చేడే అమ్మలూ, నీకు తోడుగా ఉంటాడు" అన్నారు. నూతి పక్కన రాతి తొట్టిలో నీళ్లు పోసి వదిలాం. బళ్ళో జరిగినవన్నీ దానికే చెప్పేదాన్ని. మెడ చాపి వింటున్నట్టే ఉండేది. మా ఇంటి గడప నీచు దాటదు కదా, అందుకని దేవుడికి నైవేద్యం అయ్యాక దానికీ పెరుగన్నం మెతుకులే వేసేవాళ్లం. సాక్షాత్తూ కూర్మమూర్తికి అంతకన్నా మంచి తిండి ఏముంటుందని మా ధీమా.

వానలు పట్టాక అది మెతుకు ముట్టడం మానేసింది. తొట్టిలో ఒక మూలకి చేరి కదిలేది కాదు. నిద్రపోతోందిలే అనుకున్నాను. తర్వాత కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. డిప్ప మీద వేలు పెడితే తడిసిన అప్పడంలా మెత్తగా తగిలింది. తాతయ్య తీర్థం చల్లారు, ఏమీ తేడా కనపడలేదు. అప్పుడు నాలో నేనే ఒక మొక్కు మొక్కుకున్నాను. ఇది బతికితే అమ్మ ఇంటికొస్తుంది, బతక్కపోతే రాదు. ఎవరూ నేర్పలేదండీ, అదంతట అదే పుట్టింది. అమ్మ విషయంలో నా చేతిలో ఏమీ లేదు మరి. ఆ రోజు నుంచి నాకూ ముద్ద దిగలేదు.

నా విస్తట్లో అన్నం అలాగే ఉండటం చూసి తాతయ్య గట్టిగా అడిగారు. ఏడుస్తూ మొక్కు సంగతి చెప్పేశాను. ఆయన తాబేలు పిల్లని గిన్నెలో పెట్టి కండువా భుజాన వేసుకున్నారు. "దీని వైద్యం నాకు తెలీదమ్మా. తెలిసినవాళ్లని అడుగుదాం, పద" అన్నారు.

మా బళ్ళో సైన్సు చెప్పే టీచరు గారు కాలవ వంతెన అవతల ఉండేవారు. గుమ్మం మీద శిలువ ఉన్న ఇల్లు. ఆ వీధిలో మా తాతయ్య అడుగుపెట్టగా అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. ఆవిడ కంగారుగా బయటికి వచ్చి, "అయ్యో, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదండీ" అన్నారు. తాతయ్య గిన్నె చాపి, "మా మనవరాలి తాబేలండీ. ఒంట్లో బాగాలేదు, కాస్త చూసి పెట్టాలి" అన్నారు.

ఆవిడ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి కళ్లూ, డిప్పా, మూతీ నిదానంగా చూశారు.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"పెరుగన్నమండీ."

ఆవిడ పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు. తర్వాత నన్ను దగ్గరకి పిలిచి చెప్పారు, అది నోరు తెరిచి చెప్పుకోలేని జీవి గనక తిండి మానేసిన మొదటి రోజే మనం పట్టుకోవాలని. రోజూ నీళ్లు మార్చాలి. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి కళ్లు తుడవాలి. డిప్ప గట్టిపడాలంటే పొద్దుటి ఎండ తగలాలి, వేడెక్కితే పక్కకి పోవడానికి సగం నీడా ఉండాలి. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. అంతవరకూ చెప్పి తాతయ్య వైపు చూసి తటపటాయించారు. "దానికి నీచు కావాలండీ. వానపాములూ, చిన్న నత్తలూ. మీ ఇంట్లో కుదరదంటే నా దగ్గర వదిలెయ్యండి."

నేను తాతయ్య కండువా పట్టుకుని లాగాను. తాతయ్య గిన్నె వెనక్కి తీసుకుని, "మా ఆచారం మాదండీ, దానిది దానిది. ఇంట్లోనే పెడతాం లెండి" అన్నారు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా స్నానం చెయ్యకుండా, ఆయన అరటి పాదులో పారతో మట్టి తవ్వారు. మొహం పక్కకి తిప్పుకుని, "శివ శివా" అనుకుంటూ వానపాముల్ని అరిటాకు ముక్క మీదకి తీశారు. తర్వాత నూతి దగ్గర ఎన్ని చేదలు కుమ్మరించుకున్నారో! వీధి అరుగు మీద మాత్రమే ఎండ పడేది గనక తాబేలు మకాం అక్కడికి మారింది. దారినపోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏవండోయ్, దానికి సంధ్యావందనం నేర్పుతున్నారేంటండీ?" అనేవారు. "ఆయ్, నేర్చుకుంటోందండీ" అనేవారు తాతయ్య, నవ్వకుండా.

కొన్నాళ్లకి ఒక కన్ను తెరుచుకుంది, తర్వాత రెండోది. ఒక పొద్దున నేను చూస్తుండగానే ఆకు మీది వానపాముని గుటుక్కున లాక్కుంది. నేను అరుగంతా గంతులేశాను. "అమ్మ వచ్చేస్తుంది తాతయ్యా!" అని అరిచాను. ఆయన లోపలికి వెళ్లిపోయారు.

అమ్మ రాలేదు. నాన్న ఒక్కడే వచ్చాడు.

ఆ తర్వాతి రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. ఒక పొద్దున పెరట్లో పార చప్పుడు విని మెలకువ వచ్చింది. ఒళ్లు మండిపోయింది నాకు. పరిగెత్తుకెళ్లి, "అమ్మ రాలేదుగా, ఇంకెందుకు దానికి తిండి?" అని గొంతు చించుకున్నాను. తాతయ్య పార పక్కన పెట్టి ఆ మట్టిలోనే కూలబడ్డారు. నాకు పోయింది అమ్మ అయితే, ఆయనకి పోయింది కూతురని అప్పుడే తట్టింది. ఆయన ఏడవగా చూడటం అదే మొదలు.

"దానికి ఒంట్లో బాగాలేదని చూసేమమ్మా. మీ అమ్మకి బాగాలేదని మీ నాన్న చూసేడు. అంతే. ఇందులో బేరం ఏమీ లేదు తల్లీ" అన్నారు. మళ్లీ పార అందుకుని, "ఆకు పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. ఆయన వానపాముల్ని తీసి దాని మీద వేశారు, ఇద్దరం వెళ్లి దానికి పెట్టాం.

డిప్ప బాగా గట్టిపడ్డాక దాన్ని కాలవలో వదిలేశాం. ఇన్నేళ్లకి మా వారు మంచాన పడ్డారు, చాలాకాలం ఉన్నారు అలాగే. ఆ దేవుడికి మొక్కుకో, ఈ దేవుడికి ముడుపు కట్టు అని చుట్టాలందరూ చెప్పారు. నేను ఏమీ మొక్కలేదు. పొద్దున్నే లేచి మొహం తుడిచాను, జావ పట్టాను, ఎంత తాగారో, కళ్లు ఎలా ఉన్నాయో చూసుకున్నాను. ఆయనా దక్కలేదు. ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను, సాయంత్రాలు కష్టంగానే ఉంటుంది. కానీ అంత చాకిరీ చేసి ఏం లాభం అని ఒక్కనాడు కూడా నా నోట రాలేదు.