చిన్నమ్మ చేతి మీద అతుకు

మొన్న పెర్కిట్‌లో మా చిన్నమ్మ చాయ్ అందిస్తుంటే ఆమె కుడిచేతి మీద నా పనితనం కనిపించింది. వేళ్ల కణుపుల వెనక తమలపాకంత మేర, చుట్టుపక్కల కంటే కాస్త తెల్లగా ఉన్న చర్మం. నా చేతులతో నేను అతికించిన మొట్టమొదటి చర్మం అది. చూడగానే పాత హుషారంతా తిరిగొచ్చింది.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. హైదరాబాద్‌లో సర్జరీలో పీజీ చేస్తూ, థీసిస్‌కు కాలిన గాయాలు తీసుకున్నాను. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మనిషి అరచేయి ఒంట్లో నూటికి ఒక వంతు అని చదివిన రోజు నుంచి కనిపించిన చుట్టాన్నల్లా కళ్లతోనే కొలిచేదాన్ని. సెలవులకు ఆర్మూర్ వస్తే అన్నం దగ్గరా అవే కబుర్లు. బొబ్బల సంగతి చెయ్యి కడుక్కున్నాక చెప్పమని అమ్మ బతిమాలేది. కాలితే పళ్ల పేస్టు పూయొద్దని, సిరా పోయొద్దని, చల్లటి నీళ్లు మాత్రం పోయాలని పెర్కిట్‌లో చిన్నమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పాను. పసుపు మాట ఎత్తలేదు. నేనూ పసుపు పండే ఆర్మూర్ దాన్నే కదా, పసుపును కూడా వద్దనాలని నాకు తట్టనే లేదు.

ఆ మాఘంలో చిన్నమ్మ బీడీల పని పక్కన పెట్టి, మా మామ చేనులో పసుపు ఉడకబెడుతుంటే సాయం పోయింది. కడాయిలో మరిగే నీళ్లు చిమ్మి కుడిచెయ్యి కాలింది. నేను చెప్పినట్టే ముందు చల్లటి నీళ్లు పోశారట. ఆ తర్వాత ప్రతి ఇంటివాళ్లూ తమ పసుపే మంచిదని తెచ్చి మెత్తారు. మర్నాడు హైదరాబాద్‌లో బస్సు దిగేసరికి ఆ చేతికి పచ్చటి గ్లౌజు తొడిగినట్టుంది.

మా ప్రొఫెసర్ సారు చూసి, ఎంత లోతు కాలిందో చెప్పమని నన్నే అడిగారు. ఎర్రగా ఉంటే పైపైన, తెల్లబడితే లోతుగా అని పుస్తకం చెబుతుంది. పసుపుపచ్చ గురించి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఎంత కడిగినా రంగు వదల్లేదు. పైపైన కాలితే దానంతట అదే మానుతుంది; లోతుగా కాలిన దాన్ని ఊరికే వదిలేస్తే వేళ్లు ముడుచుకుపోతాయి, ఇక బీడీ చుట్టడం ఉండదు. ఆ ఇల్లు గడిచేది ఆ వేళ్ల మీదే. పసుపు వద్దని చెప్పనందుకు సిగ్గు, ఆ వేళ్లు ఏమవుతాయోనని భయం.

చివరికి సూది తీసుకుని మణికట్టు దగ్గర మెల్లగా గుచ్చాను.

"నీ చేతులిరగ, గిందుకేనా నన్ను బస్సెక్కి రమ్మన్నది?" అంది చిన్నమ్మ.

అంత తీయటి తిట్టు నేనెప్పుడూ వినలేదు. నొప్పి తెలిసిందంటే చర్మం బతికే ఉంది. తిడుతోంది సార్ అంటూ గంతేసినంత పని చేశాను. అదే ఊపులో కణుపుల వెనక గుచ్చాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఇంకేం చూస్తున్నవు బిడ్డా, గుచ్చేదుంటే గుచ్చు."

సూది అప్పటికే లోపల ఉంది.

అంత మేరకు తొడ మీది పల్చటి చర్మం తీసి అతికించాలి. సారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు, చేసింది నేనే. ఐదో రోజు కట్టు విప్పితే గులాబీ రంగులో, ఎక్కడా ఊడకుండా పట్టుకుని ఉంది. వార్డు పొడవునా పరుగెత్తి సారును పిలుచుకొచ్చాను. పసుపు సంగతి చెప్పకపోవడం నా తప్పేనని చిన్నమ్మ దగ్గర ఒప్పుకున్నాను. ఆమె ఫికరు వేరే.

"తొడ తోలు గదా బిడ్డా, చెయ్యి గిట్ల లావైతదా?"

లావు కాలేదు. కొన్ని నెలలకు మళ్లీ బీడీలు చుట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికి కాలినా ముందు పసుపు డబ్బా దాచి, తర్వాత నీళ్లు పోస్తుంది. మొన్న చాయ్ కప్పు అందుకోబోతే వణికింది నా చెయ్యి. ఆమెది నిలకడగా ఉంది. కాలం బాగుపడిన చేతిని వదిలి, బాగుచేసిన చేతిని ముందు పట్టుకుంది.