డైవింగ్ ఫారంలో ఒక ప్రశ్న

చెన్నై నుంచి తీరం వెంబడి రామేశ్వరం దాకా కారులో వెళ్లాలని మావారూ నేనూ అనుకున్నాం. దారిలో సముద్రం పక్కన గుడారం వేసుకోవాలి, రెండు రోజులు నీటి అడుగున డైవింగ్ చేయాలి. ఒక ఆదివారం తిరువొత్తియూరులోని మా ఇంట్లో కూర్చుని డైవింగ్ వాళ్ల ఫారం నింపుతున్నాను. "ఎప్పుడైనా స్పృహ తప్పారా?" అన్న ప్రశ్న పైకి చదివి, ఆయన పేరు కింద లేదని రాయబోయాను.

"ఆగు," అన్నారాయన. "ఆఫీసులో రెండుసార్లు పడిపోయినా. నువ్వు భయపడతావని చెప్పలే."

"నిన్నగూడా మన పాపను కారులో ఎక్కించుకోని పోతిరే!" అన్నాను.

ఆయన కారు తాళం నా ముందు పెట్టారు. మరునాడు ఆసుపత్రికి నేనే నడిపాను. గుండె కొట్టుకోవడంలో తేడా ఉందన్నారు డాక్టరు. ప్రయాణం మానుకున్నాం. మందులతో ఆయన కుదుటపడ్డారు కానీ, దాచినందుకు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.