కిల్‌కారో మఠం తాళంచెవి

కిల్‌కారో మఠం గేటుకి ఓ రేకు ముక్క వేలాడుతుంటుంది: ‘తాళంచెవి గిల్‌హూలీల ఇంట్లో’. ఐర్లండ్‌లోని మా లీట్రిమ్ కౌంటీలో పాడుబడ్డ పాత మఠాలు చాలావాటికి ఇదే పద్ధతి. దగ్గరి ఇంటివాళ్ల దగ్గర తాళంచెవి ఉంటుంది, అడిగినవాళ్లకు ఇస్తారు. ఇక్కడిది అత్తగారి తర్వాత అట్రాక్టా గిల్‌హూలీకి వచ్చింది. భర్త పోయాక ఆమె తలుపు తట్టేవాళ్లు దాదాపుగా ఆ తాళంచెవి కోసం వచ్చేవాళ్లే.

వాళ్లను ఆమె ఊరికే పంపదు. మా వైపు టీ తాగుతారా అంటే మొదట వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి ‘సరే, ఓ గుక్కెడు’ అనాలి. జర్మన్లకీ డచ్చివాళ్లకీ ఇది తెలియదు. వద్దంటే వద్దనే వాళ్ల ఉద్దేశం. ఆమె వినేది కాదు. సోడా రొట్టె, వెన్న, జామ్ బల్ల మీదికొచ్చేవి. బయటపడేసరికి వాళ్లు ఆ రోజు చూడాలనుకున్న కోటలు మూసే వేళయ్యేది.

ఆగస్టులో వారసత్వ వారోత్సవాల ముందు కౌంటీ ఆఫీసు నుంచి ఫింటన్ మల్వీ వచ్చాడు.

“ఫిర్యాదులొస్తున్నాయి అట్రాక్టా గారూ. పొద్దున తాళంచెవికని వస్తే మధ్యాహ్నం దాకా వదల్లేదట.”

“కుర్చీకి కట్టేశానా?”

“ఇంచుమించు అంతేనంటున్నారు. ఈ వారంలో ఇంకొక్కటి వస్తే గేటుకి నంబర్ల తాళం వేసేస్తాం. నంబరు ఫోన్లో చూసుకుని వాళ్లే తీసుకుంటారు. మీ దాకా రానక్కర్లేదు.”

“మీ అమ్మ ఎవర్నైనా గుమ్మంలోంచే పంపేసేదా?”

“మా అమ్మ దగ్గర తాళంచెవి లేదు లెండి” అని ఫింటన్ మూడో కప్పు ఖాళీ చేసి లేచాడు.

మర్నాటి నుంచి ఆమె గుమ్మంలోనే నిలబడి, పెదవులు బిగించి తాళంచెవి ఇచ్చేది. పక్కింటి మలాకీ గోడ మీదికి వాలి చూసేవాడు.

“పోస్టాఫీసు కిటికీ తెరిచావా ఏంటి? పాలు విరిగిపోయాయా?”

“నోర్ముయ్ మలాకీ.”

మూడోనాడు ఒక జంట వానలో తడిసి తిరిగొచ్చి, తాళంచెవిని గుమ్మం పక్క మేకుకి తగిలించి, తలుపైనా తట్టకుండా వెళ్లిపోయింది. కిటికీలోంచి ఆమె చూస్తూనే ఉంది.

“నాతో పనేముంది? మేకు చాలు” అంది మలాకీతో.

ఆ మర్నాడు ఓ డచ్చావిడ వస్తే అట్రాక్టా కోటు తొడుక్కుంది. “పదండి, నేనే తీస్తాను.”

ఇన్నేళ్లలో ఆమె ఆ గోడల మధ్యకు వెళ్లింది లోపలి సమాధుల దగ్గర అంత్యక్రియలకే. అప్పుడు రాళ్లెవరు చూస్తారు? మిగతా రోజుల్లో జనం మఠం చూస్తుంటే ఆమె ఇంట్లో తర్వాతి రొట్టెకు పిండి కలుపుతుండేది. డచ్చావిడ ఓ స్తంభం మొదట్లో కూర్చుని పిలిచింది. అక్కడ పిడికిలంత రాతి పిల్లి, కాలు నాక్కుంటోంది.

“దీని కథేమిటి?”

“నాకూ ఇప్పుడే తెలుస్తోంది” అంటూ అట్రాక్టా మోకాళ్ల మీద కూలబడింది.

ఇక ఆమె మధ్యాహ్నమంతా మఠంలోనే. ఫ్లాస్కుతో టీ తెచ్చుకునేది. కావాలన్నవాళ్లకు మూతలో పోసేది, వద్దన్నవాళ్లను వదిలేసేది. అందరికీ పిల్లిని చూపించేది. ఇంకేమైనా ఉన్నాయేమోనని వాళ్లు గోడలన్నీ వెతికేవాళ్లు. ఓ కుర్రజంటకు రాతి ఆకుల మధ్య చెక్కిన ముఖం ఒకటి దొరికింది.

ఆదివారం ఫింటన్ మఠానికే వచ్చాడు.

“మళ్లీ ఫిర్యాదొచ్చిందండీ. మీ ఇంటికెళ్తే ఎవరూ లేరట. తాళంచెవి దొరక్క వెనక్కెళ్లిపోయారట.”

“గేటు బార్లా తీసే ఉంది కదా.”

“రేకు మీద ఇంటికెళ్లమని ఉంది. ఇంటికెళ్లారు.”

“అయితే ఆ నంబర్లదే వెయ్యి నాయనా. నేనెలాగూ లోపలే ఉంటాను.”

బతిమాలుతుందనుకుని వచ్చిన ఫింటన్ కారులోంచి తాళం తెచ్చి బిగించడం మొదలెట్టాడు. లోపల నలుగురు కొత్తవాళ్లు ఉత్తరపు గోడ వెంట వంగి నడుస్తున్నారు.

“ఆ పని తెమిల్చి రావోయ్” అంది అట్రాక్టా. “నీ ఫోన్లో లైటుందిగా. ఆ మూల చీకటి, అటు ఎవరూ చూళ్లేదు.”

కాసేపటికి ఫింటన్ ఆఫీసు ప్యాంటు మోకాళ్లకు నాచు అంటుకుంది.